మీ పిల్లాడు తోటి పిల్లల్ని ఏడిపిస్తున్నాడని స్కూల్ నుంచి ఫోన్ వస్తే ఏం చేయాలి

మన పిల్లల్ని ఎవరైనా ఏడిపిస్తే సలహా చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. మన పిల్లాడే ఇంకొకరిని ఏడిపిస్తున్నాడని తెలిసినప్పుడు మాత్రం ఎవరినీ అడగలేం. చుట్టాలకి చెప్పలేం, పక్కింటివాళ్ళకి చెప్పలేం, కన్నతల్లికి చెప్పాలన్నా నోరు రాదు. నాకూ అలాగే అయింది.

మేం గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మా వాడు ఆరో తరగతిలో ఉండగా, దసరా సెలవులు అయిపోయిన వారానికి క్లాస్ టీచర్ గారు ఫోన్ చేశారు. "మీ బాబు స్కూల్ ఆటోలో నాలుగో తరగతి పిల్లాడి కళ్ళజోడు లాగి విరగ్గొట్టాడండి. చాలా రోజులుగా ఇలాగే చేస్తున్నాడట. మీరొకసారి రావాలి" అన్నారు. ఆ రోజు మేం చేసినవి చాలావరకు తప్పులే. ఆ తర్వాత తెలిసొచ్చినవి వరుసగా రాస్తున్నాను. మీకూ అలాంటి ఫోన్ వచ్చి ఉంటే ఇవాళ్టి నుంచే మొదలుపెట్టొచ్చు.

1. ఫోన్ వచ్చిన రోజు

ఆ నిమిషంలో నోటికొచ్చే మాట ఒకటి ఉంటుంది: "మా వాడు అలాంటివాడు కాదండీ, ఆ పిల్లాడే ముందు ఏదో అని ఉంటాడు." దాన్ని ఆపుకోండి. ఇంత చెప్తే చాలు: "చెప్పినందుకు థాంక్సండీ. ఆ బాబుకి దెబ్బ ఏమైనా తగిలిందా? రేపు ఎన్ని గంటలకి రమ్మంటారు?" ఆ బాబు గురించి ముందు అడిగితే, మీరు పోట్లాటకి రావడం లేదని టీచర్‌కి తెలుస్తుంది. ఆ తర్వాత ఏదీ దాచకుండా చెప్తారు.

ఇక కొట్టడం. మన ఇళ్ళలో ముందు జరిగేది అదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఆ రోజు మా ఆయన మిర్చి యార్డు నుంచి వచ్చేసరికి రాత్రి ఏడున్నర అయింది. విషయం వినగానే బెల్టు తీశారు. బుద్ధి వస్తుందిలే అని నేనూ అడ్డుపడలేదు. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాడు సాయంత్రం ఆటోలో అదే పిల్లాడి చెయ్యి మెలిపెట్టి "నీవల్లే నాకు దెబ్బలు పడ్డాయి, ఈసారి ఇంట్లో చెప్పావంటే చూడు" అన్నాడట. మేం కొట్టిన దెబ్బలు మా వాడి దగ్గర ఆగలేదు. వెళ్ళి ఆ చిన్నవాడికి తగిలాయి. బలం ఉన్నవాడు లేనివాణ్ణి కొట్టొచ్చని ఇంట్లో మేమే చూపించాం, వాడు ఆటోలో అదే చేశాడు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇది.

కాబట్టి ఆ రాత్రి పిల్లాడితో నాలుగు మాటలే చెప్పండి. "స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. నాకు బాధగా ఉంది, కోపంగానూ ఉంది. రేపు మీ టీచర్‌ని కలిశాక మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ బాబు జోలికి వెళ్ళకు." అన్నం పెట్టండి, పడుకోబెట్టండి. మర్నాడు ఆటో మాన్పించి మీరే దింపి, మీరే తీసుకురండి. రెండు మూడు రోజులైనా ఇలా చేయండి. ముందు ఆ రెండో పిల్లాడు భయం లేకుండా స్కూల్‌కి వెళ్ళి రావాలి.

2. జరిగింది కాగితం మీద పెట్టండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. మొదటి పేజీలో ఇవి రాయండి: ఎక్కడ జరుగుతోంది, ఏ టైములో, ఎన్నాళ్ళ నుంచి, పక్కన ఎవరున్నారు. ఎందుకు చేస్తున్నాడు అనేది ఇప్పుడే రాయొద్దు, దానికి టైముంది.

క్లాస్ టీచర్‌ని అడగడంతో ఆపొద్దు. ఆటో నడిపే ఆయనకి, స్కూల్లో ఆయాకి, ఆటలు ఆడించే సార్‌కి టీచర్‌కంటే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే ఇలాంటివి పాఠం జరుగుతుండగా జరగవు. లంచ్ బ్రేక్‌లో, బాత్రూముల దగ్గర, మెట్ల మలుపులో, ఇంటికొచ్చే దారిలో జరుగుతాయి. మా ఆటో నడిపే ఆయన చెప్తేనే మాకు అసలు సంగతి తెలిసింది. పెద్ద క్లాసు పిల్లలు ఇద్దరు లాడ్జి సెంటర్‌లో దిగిపోతారు. అక్కడి నుంచి మా ఇంటి దాకా ఆటోలో అందరికంటే పెద్దవాడు మా వాడే. ఆ పది పన్నెండు నిమిషాల్లోనే అంతా. పొద్దున పెద్దవాళ్ళున్నప్పుడు మూలన కూర్చుని నోరు మెదపడట.

ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, దీంతో సగం దారి దొరుకుతుంది. "మా వాడు మొరటువాడు" అనుకుంటే చేయగలిగింది ఏమీ లేదు. "లాడ్జి సెంటర్ దాటాక పది నిమిషాలు" అనుకుంటే మార్చడానికి ఏదో ఒకటి కనపడుతుంది.

మీ పిల్లాడి బ్యాగు కూడా ఒకసారి చూడండి. మా వాడి బ్యాగులో అడుగున ఒక జామెట్రీ బాక్సు దొరికింది. మూత మీద పేరున్న స్టిక్కర్‌ని గోటితో గీకేశారు, చివరి రెండు అక్షరాలు మిగిలిపోయాయి. మేం కొనిచ్చింది కాదు.

3. అల్లరికీ ఏడిపించడానికీ తేడా చూడండి

పిల్లలన్నాక కొట్టుకుంటారు, అరగంటలో మళ్ళీ కలిసి ఆడుకుంటారు. ప్రతిదాన్నీ నేరంలా చూడక్కర్లేదు. నార్వేలో డాన్ ఓల్వేయస్ అనే సైకాలజిస్టు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. అక్కడ 1982లో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, తోటివాళ్ళ వేధింపులే కారణమని భావించారు. ఆ తర్వాత 1983లో దేశమంతా స్కూళ్ళలో దీన్ని ఆపే కార్యక్రమం మొదలైంది. ఇలా ఏడిపించడాన్నే ఇంగ్లీషులో బుల్లీయింగ్ అంటారు. దానికి ఆయన చెప్పిన గుర్తులు మూడు: కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, ఎదుటివాడు తిరిగి ఏమీ చేయలేని స్థితిలో ఉండటం.

మూడోదాన్నే మనం ఎక్కువగా మర్చిపోతాం. వయసులో పెద్ద కావడం, ఒళ్ళు దృఢంగా ఉండటం, వెనక ఇద్దరు స్నేహితులుండటం, డబ్బుండటం, పెద్ద కులమని చెప్పుకోవడం, మార్కులు ఎక్కువ రావడం, ఇవన్నీ బలమే. మీ పిల్లాడు చెయ్యెత్తకపోయినా ఇవి వాడుకుని ఎవరినైనా చిన్నబుచ్చుతుంటే అది ఏడిపించడమే. కులం పేరు పెట్టి పిలిచాడని తెలిస్తే "చిన్నపిల్లాడు, ఏం తెలుసు" అని వదిలేయొద్దు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో కనుక్కుని, ఇంట్లో పెద్దవాళ్ళతోనే ముందు మాట్లాడండి.

ఆడపిల్లల్లో ఇది వేరేలా ఉంటుంది. "దాంతో ఎవరూ మాట్లాడకండి, కటీఫ్" అని ఒకమ్మాయిని పక్కన పెట్టేస్తారు. టిఫిన్ బాక్సు తెరవగానే అందరూ లేచి వెళ్ళిపోతారు. వాట్సాప్ గ్రూపు పెట్టి ఆ ఒక్కర్తినీ కలపరు. దెబ్బ కనపడదు కాబట్టి తల్లులం పట్టించుకోం. దీన్నీ అంతే గట్టిగా తీసుకోవాలి.

4. పిల్లాడితో మాట్లాడండి

ఎదురుగా నిలబెట్టి "ఎందుకు చేశావు?" అని అడిగితే "తెలీదు" అంటాడు. నిజంగానే వాడికి తెలియదు. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడో, రాత్రి లైటు తీసేసి పక్కన పడుకున్నప్పుడో మాట్లాడండి. మొహంలో మొహం పెట్టి చూడక్కర్లేనప్పుడు పిల్లలు ఎక్కువ చెప్తారు.

మీకు తెలిసిన విషయాన్ని తెలియనట్టు అడగొద్దు. "ఆటోలో ఏమైనా జరిగిందా?" అంటే అబద్ధం చెప్పమని మనమే దారి చూపించినట్టు. "నువ్వు ఆ బాబు కళ్ళజోడు లాగావు, విరిగింది. అది నాకు తెలుసు. అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, అది చెప్పు" అనండి.

"ఊరికే సరదాకి" అంటాడు. "సరదా అయితే ఇద్దరూ నవ్వాలి. వాడు నవ్వాడా?" అని అడగండి. "వాడే ముందు అన్నాడు" అంటాడు. "సరే, ఏమన్నాడో రేపు కనుక్కుంటాను. నువ్వు చేసింది చెప్పు" అనండి. వాదన పెట్టుకోవద్దు, గొంతు పెంచొద్దు. మొదటి రోజే ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

మా వాడు మూడో రాత్రి చెప్పాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నిద్రపోయాడనుకున్నాను. అప్పుడు, "వాళ్ళు నవ్వుతారమ్మా" అన్నాడు.

"ఎవరు?"

"ఆటోలో వాళ్ళు. వాణ్ణి ఏమన్నా అంటే అందరూ నవ్వుతారు. క్లాసులో ఎవరూ నాతో మాట్లాడట్లేదు."

జూలైలో పరీక్ష పెట్టి మార్కుల ప్రకారం సెక్షన్లు మార్చారు. ఒకటో తరగతి నుంచి వాడితో కూర్చున్న ముగ్గురూ పై సెక్షన్‌లోకి వెళ్ళారు, వాడు కింద సెక్షన్‌లోకి వచ్చాడు. మాకు మార్కులు కనపడ్డాయి గానీ, పిల్లాడు రోజంతా ఒంటరిగా కూర్చుంటున్నాడని తట్టలేదు. అందుకని వాడు చేసింది ఒప్పయిపోదు. ఆ మాట వాడికీ చెప్పాను: "నీకు బాధ ఉంది, అది నేను చూస్తాను. ఆ బాధని ఆ చిన్నవాడి మీద తీర్చుకోవడానికి వీల్లేదు."

మీ పిల్లాడి కారణం వేరే ఉండొచ్చు. వాణ్ణే ఇంకెవరో ఏడిపిస్తూ ఉండొచ్చు, ట్యూషన్‌లోనో, హాస్టల్‌లోనో. చదవడం రాక సిగ్గుపడుతూ ఉండొచ్చు. ఇంట్లో రోజూ గొడవలు చూస్తూ ఉండొచ్చు. ఏ లోటూ లేకపోయినా, ఇలా చేస్తే అనుకున్నది జరుగుతోంది కాబట్టే చేస్తూ ఉండొచ్చు. వాడికి దీనివల్ల ఏం దొరుకుతోంది అన్న ప్రశ్నకి జవాబు నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత చేసే పనులన్నీ ఆ జవాబు మీదే ఆధారపడతాయి.

5. మన ఇంట్లో మాటలు వినండి

మా వాడు ఆ పిల్లాణ్ణి "సోడాబుడ్డి" అని పిలిచేవాడు. పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదట. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావురా అని అడగబోయి ఆగిపోయాను. మా వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు, లావుపాటి కళ్ళద్దాలు. మా ఇంట్లో ఆయన్ని ఆ పేరుతోనే చెప్పుకునేవాళ్ళం. "సోడాబుడ్డి మాస్టారు పేపరు అడిగారు, ఇచ్చిరా" అని మా అత్తయ్య గారు వాణ్ణే పంపేవారు. ఆ మాట మా వరండాలోంచే ఆటోలోకి వెళ్ళింది.

మన ఇళ్ళలో ఇది మామూలైపోయింది. బండోడు, నల్లది, నత్తోడు, పొట్టోడు అని సొంత పిల్లల్నే పిలుస్తాం. పెళ్ళికి వెళ్తే మేనమామ పదిమంది ముందు "ఏరా, ఇంకా బట్టలోనే పోసుకుంటున్నావా" అంటాడు, అందరూ నవ్వుతారు. ఆ పిల్లాడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల్లి కొంగు చాటుకి వెళ్తాడు. ఒకణ్ణి చిన్నబుచ్చితే పదిమంది నవ్వుతారని వాడు అక్కడే నేర్చుకుంటాడు.

ఒక వారం రోజులు ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో గమనించండి. పనమ్మాయితో, ఆటో ఆయనతో, కూరగాయల బండి ఆయనతో మీరు మాట్లాడే తీరూ చూసుకోండి. తర్వాత అందరూ కూర్చుని, ఇకపై ఎవరికీ ఒంటి మీద, రంగు మీద, మాట మీద పేర్లు పెట్టకూడదని అనుకోండి. పెద్దవాళ్ళు మర్చిపోయి అంటే పిల్లాడు గుర్తు చేయొచ్చని చెప్పండి. మా వాడు మా అత్తయ్య గారికి రోజుకి నాలుగుసార్లు గుర్తు చేసేవాడు. ఆవిడ మొదట విసుక్కున్నారు, తర్వాత మానేశారు. మా ఆయన బెల్టు విషయంలో నాకు మాటిచ్చారు. ఆ మాట వాడి ముందే ఇచ్చారు, అది వాడికి చాలా అవసరమని నా నమ్మకం.

6. స్కూల్‌తో కలిసి పనిచేయండి

టీచర్‌ని కలిసినప్పుడు చేతిలో నోట్‌బుక్ ఉండాలి. గట్టిగా అడగాల్సినవి ఇవి.

ఎక్కడ జరుగుతోందో అక్కడ ఏర్పాటు మార్చమనండి. మా విషయంలో నెల రోజులు ఆటో మాన్పించాం. మళ్ళీ ఎక్కించినప్పుడు మా వాణ్ణి ముందు, నడిపే ఆయనకి దగ్గరగా కూర్చోబెట్టమన్నాం. చిన్నవాణ్ణి మార్చొద్దని మరీ మరీ చెప్పాను. తప్పు చేయనివాడు చోటు మారాల్సిన పనిలేదు.

వారానికోసారి, శుక్రవారం, డైరీలో రెండు లైన్లు రాయమనండి. ఒకటి ఆ వారం ఏమైనా జరిగిందా అని. రెండోది వాడు చేసిన మంచి పని ఒకటి. "ఏమీ లేదు" అని రాసినా సరే, రాయాలి. యాభైమంది పిల్లలున్న క్లాసులో టీచర్‌కి అంతకంటే ఎక్కువ పని చెప్పడం న్యాయం కాదు.

చూస్తూ నవ్విన పిల్లల సంగతి కూడా చూడమనండి. ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీవాళ్ళు తయారుచేసిన కివా అనే పద్ధతిని 2009 నుంచి ఆ దేశంలో స్కూళ్ళలో వాడుతున్నారు. అందులో ముఖ్యంగా చూసేది పక్కన ఉండే పిల్లల్నే. చూసేవాళ్ళు నవ్వడం మానేస్తే ఏడిపించేవాడికి ఉత్సాహం తగ్గిపోతుంది. మా టీచర్ గారు మా వాడి పేరెత్తకుండా, నవ్వే ఇద్దరు పిల్లల్నీ విడివిడిగా పిలిచి, "ఈసారి నవ్వొద్దు, ఆ బాబుతో ఏదైనా మాట్లాడండి" అని చెప్పారు. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అదే.

ప్రార్థనలో అందరి ముందు నిలబెట్టడం, మెడలో అట్ట కట్టడం, బెత్తంతో కొట్టడం వద్దని చెప్పండి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది మీ పిల్లాడికీ వర్తిస్తుంది. "టీసీ ఇచ్చేస్తాం, తీసుకుపొండి" అంటే భయపడొద్దు. అదే చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని స్కూల్ నుంచి పంపేయకూడదు. ఈ మాట బెదిరింపులా కాకుండా నెమ్మదిగా చెప్పండి. స్కూల్ మార్చినా అలవాటు వాడితోపాటే వెళ్తుంది, అక్కడ ఇంకో పిల్లాడు దొరుకుతాడు.

క్లాస్ లీడర్‌ని చేస్తే మారతాడని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. బోర్డు మీద పేర్లు రాసే అధికారం ఇస్తే వాడి చేతికి ఇంకో కర్ర ఇచ్చినట్టే. ఇవ్వాల్సింది పెత్తనం లేని పని. ఆటల సార్ మా వాడికి బంతులు, స్టంపులు లెక్కపెట్టి గదిలో పెట్టే పని అప్పజెప్పారు.

7. దెబ్బతిన్న పిల్లాడికి జరిగిన నష్టం పూడ్చండి

"వెళ్ళి సారీ చెప్పు" అని మెడ పట్టుకుని తీసుకెళ్ళడం తేలిక. అలా చెప్పిన సారీతో ఇద్దరు పిల్లలకీ ఏమీ ఒరగదు.

ముందు మీరొక్కరే ఆ ఇంటికి వెళ్ళండి, టీచర్ ద్వారా వాళ్ళని అడిగి. నేను ఆదివారం పొద్దున వెళ్ళాను. ఆ తల్లి నన్ను లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబడి మాట్లాడాం. "నెల రోజుల నుంచి వాడికి స్కూల్ టైముకి కడుపునొప్పి వస్తోందండీ. స్కానింగ్ కూడా తీయించాం. ఇప్పుడు తెలిసింది ఎందుకో" అన్నారు. కర్టెన్ పక్కనుంచి ఆ బాబు చూస్తున్నాడు. కళ్ళజోడు ఒక కాడకి తెల్ల ప్లాస్టర్ చుట్టి ఉంది, ఆ పక్క కొంచెం కిందకి జారి, ఒక కన్నే అద్దంలోంచి చూస్తోంది. నేను మా వాడి తరఫున ఏ కారణమూ చెప్పలేదు. "తప్పు మా వాడిదే. ఇకపై జరగకుండా చూసే బాధ్యత మాది. కళ్ళజోడు మేం చేయిస్తాం" అన్నాను. మీరు కూడా "కానీ" అనే మాట రాకుండా చూసుకోండి.

ఇంటికొచ్చి మా వాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. కడుపునొప్పి సంగతి, స్కానింగ్ సంగతి, ప్లాస్టర్ సంగతి. వాడికి అవేవీ తెలియవు. బెల్టు దెబ్బలకి ఏడవనివాడు ఆ ప్లాస్టర్ మాటకి ఏడ్చాడు.

తర్వాత వాడి చేతే చేయించాల్సినవి చేయించండి. కళ్ళజోడుకి 900 రూపాయలయింది. వాడి మట్టి హుండీ పగలగొడితే 340 ఉన్నాయి. మిగిలింది మేం వేసి, ప్రతి ఆదివారం ఇంటి పని చేసి తీర్చమన్నాం. జామెట్రీ బాక్సు వాడే తుడిచి, లోపల విరిగిన కంపాస్ కొత్తది పెట్టి, టీచర్ చేతికి ఇచ్చాడు. ఉత్తరం రాస్తానన్నాడు. నేను చెప్పి రాయించలేదు, మూడు వాక్యాలే రాశాడు. ఆ ఉత్తరం తీసుకోవాలా వద్దా అన్నది ఆ బాబు ఇష్టమని టీచర్ చెప్పారు. వాడు తీసుకున్నాడు, జవాబు ఇవ్వలేదు. ఫ్రెండ్స్ అవ్వమని ఎవరూ బలవంతం చేయకూడదు.

శిక్ష అనేది చేసిన పనికి దగ్గరగా ఉండాలి, ఎన్నాళ్ళో ముందే చెప్పాలి. ఆటోలో తప్పు చేశాడు కాబట్టి నెల రోజులు ఆటో లేదు. సెల్ ఫోను, క్రికెట్టు, పుట్టినరోజు అన్నీ ఒకేసారి తీసేస్తే పిల్లాడికి ఇంక పోయేదేమీ ఉండదు, మీ మాటా వినడు.

8. ఆ ఖాళీలో ఇంకొకటి పెట్టండి

మా వాడికి కావాల్సింది నలుగురు నవ్వడం. అది తప్పు కోరిక కాదు. ఎవర్నీ ఏడిపించకుండా నవ్వించడం వాడికి రాదు, అంతే. దీనికి దారి మా అత్తయ్య గారే చూపించారు. రోజూ రాత్రి అన్నాలప్పుడు ఒక పొడుపుకథ చెప్పేవారు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" లాంటివి. మర్నాడు వాడు ఆటోలో అడిగేవాడు. చిన్నపిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి జవాబు చెప్పేవాళ్ళట. కనురెప్పలు అని ముందు చెప్పింది ఆ కళ్ళజోడు బాబేనట, మా వాడికి కాదు, పక్కవాడికి.

మీ పిల్లాడికి దొరుకుతున్నది ఏమిటో చూసి, అది వేరేచోట దొరికేలా చేయండి. ఒంట్లో బలం చూపించాలని ఉంటే సాయంత్రం గ్రౌండ్‌కి పంపండి, కబడ్డీయో రన్నింగో. పెద్దరికం కావాలంటే పక్కింటి చిన్నపిల్లాడికి క్యారమ్స్ నేర్పే పని ఇవ్వండి, మొదట్లో మీరు దగ్గరుండి. చదువులో వెనకబడి సిగ్గుపడుతుంటే ఆ చదువు సంగతి చూడండి. స్నేహితులు లేకపోతే శనివారం ఒకరిద్దరిని ఇంటికి పిలిచి పునుగులు వేసి పెట్టండి.

కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఇంట్లో ఆడి చూపించాలి. మీరు ఎదుటి పిల్లాడిలా మాట్లాడండి, వాడు జవాబు చెప్పాలి. "నాకు నచ్చలేదు, అలా అనకు" అని చెప్పడం, చేతులు జేబులో పెట్టుకుని అక్కడి నుంచి వెళ్ళిపోవడం, ఈ రెండూ పదిసార్లు చేయిస్తే ఒకసారికి గుర్తొస్తాయి. చేసినప్పుడు వెంటనే మెచ్చుకోండి, ఏం చేశాడో చెప్పి మరీ. "ఇవాళ వాడు నెట్టినా నువ్వు తిరిగి నెట్టలేదు, చూశాను" అనాలి. ఊరికే "గుడ్ బాయ్" అంటే వాడికి దేనికో తెలియదు.

9. డాక్టర్‌ని ఎప్పుడు కలవాలి

కుక్కపిల్లల్ని, పిల్లుల్ని హింసించడం, నిప్పు పెట్టడం, తరచుగా దొంగతనం, తనని తనే గాయపరుచుకోవడం, చచ్చిపోతాననడం కనపడితే ఆలస్యం చేయొద్దు. చిన్నప్పటి నుంచీ ఒక్కచోట కూర్చోలేకపోవడం, ఎంత చెప్పినా చదవడం రాయడం రాకపోవడం ఉన్నా చూపించడం మంచిది. గుంటూరు జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, సైకియాట్రీ (మానసిక వైద్యం) విభాగం ఉంది. విజయవాడలో ఉన్నవాళ్ళు అక్కడి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళొచ్చు. వెళ్ళడానికి వెనకాడితే ముందు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు. మీ పిల్లాణ్ణే ఎవరైనా పెద్దవాళ్ళు హింసిస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారని చుట్టాలు అంటారేమో అని టెన్షన్ పడి ఏళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను.

10. మళ్ళీ చేస్తే

చేస్తాడు. మా వాడు సంక్రాంతి సెలవుల తర్వాత ఒక కొత్త పిల్లాడి టిఫిన్ బాక్సులో బాల్‌పెన్ రీఫిల్ వేశాడు. అంతా మళ్ళీ మొదటికొచ్చిందని నేను కుంగిపోయాను. నోట్‌బుక్ తీసి చూస్తే పదకొండు వారాలు ఏమీ లేదు, పన్నెండో వారం ఒకటి. ఆ లెక్క చూశాకే నాకు ధైర్యం వచ్చింది. అలాంటప్పుడు పాత తప్పులన్నీ తవ్వొద్దు. ఈ ఒక్కదానికీ మొదటి నుంచి అవే చేయండి: ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు, నష్టం ఎలా పూడుస్తాడు. ఆ వారం ఇంట్లో ఏమైందో కూడా చూసుకోండి. మా ఇంట్లో అప్పుడు వాళ్ళ నాన్న యార్డు సీజన్ మొదలై రోజూ రాత్రి పదింటికి వస్తున్నారు, వాడితో మాట్లాడేవాళ్ళు లేరు.

నోట్‌బుక్‌ని ఆ విద్యా సంవత్సరం అంతా రాయండి. జూన్‌లో స్కూల్ తెరవగానే కొత్త క్లాస్ టీచర్‌ని మీరే వెళ్ళి కలవండి. ఏం జరిగిందో, ఏం చేస్తే తగ్గిందో అయిదు నిమిషాల్లో చెప్పండి, పిల్లాడికి తెలిసేలానే. మేం వెళ్ళిన రోజు మా వాడు బయట వరండాలో నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు "శుక్రవారం డైరీ ఈ ఏడాది కూడా ఉంటుందా?" అని అడిగాడు. మొదటి మూడు నెలలు ఉంటుందని చెప్పాను.